జింక్ వేళ్లు, గామా గ్లోబిన్ స్విచ్: మా ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

ఈ ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టుకు అంశం నేను ఇవ్వలేదు, పిల్లలే తెచ్చారు. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చే అమ్మాయి క్లాసు అయ్యాక ఆగి అడిగింది. "మేడమ్, మా పిన్ని కొడుక్కి సికిల్ సెల్ ఉంది. పుట్టినప్పుడు ఏమీ లేదు, బాగా ఆడుకునేవాడు. ఆరు నెలలు దాటాకే ఎందుకు మొదలైంది?"

సికిల్ సెల్ వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధి. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు జన్యు నియంత్రణలో, అంటే ఏ జన్యువు ఎప్పుడు నడవాలి, ఎప్పుడు ఆగాలి అన్నదానిలోనే ఉంది. కడుపులో ఉన్న బిడ్డ రక్తంలో ఉండేది ఫీటల్ హిమోగ్లోబిన్. అందులో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు గామా గొలుసులు ఉంటాయి. పుట్టాక కొన్ని నెలల్లో గామా జన్యువులు మూతబడి, వాటి పని బీటా జన్యువు అందుకుంటుంది. సికిల్ సెల్ లోపం ఉన్నది ఆ బీటా గొలుసులో. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ ఉంటుంది. గామా నడిచినన్నాళ్లు బిడ్డకు రక్షణ ఉంటుంది, అది ఆగాక నొప్పులు మొదలవుతాయి.

మరి గామాను ఆపేది ఎవరు? ముఖ్యంగా బీసీఎల్11ఏ అనే ప్రొటీన్. అది జింక్ ఫింగర్ ప్రొటీన్, అంటే జింక్ చుట్టూ మడత పడిన చిన్న ముక్కలతో, వాటినే వేళ్లు అంటారు, డీఎన్ఏను పట్టుకునే ప్రొటీన్. దాని మోతాదు తగ్గిస్తే ఫీటల్ హిమోగ్లోబిన్ మళ్లీ పెరుగుతుందని 2008లో బోస్టన్‌లోని స్టువర్ట్ ఆర్కిన్ బృందం చూపించింది.

ప్రాజెక్టు అలా తేలింది. జింక్ వేళ్లు డీఎన్ఏ మీద తమ చోటు ఎలా గుర్తుపడతాయో ముందు కంప్యూటర్‌లో అణువు అణువుగా చూస్తాం. తర్వాత గామా ప్రమోటర్‌లో, అంటే గామా జన్యువు ముందుండి దాన్ని నడిపించే డీఎన్ఏ ముక్కలో, ఆ చోటు వెతుకుతాం. చివర్లో చేత్తో పట్టుకుని చూసేంత పెద్ద నమూనా కడతాం. అన్నీ ఉచితంగా దొరికే డేటా, సాఫ్ట్‌వేర్లే.

ఒక మాట రాసి పెట్టుకోవాలి. జన్యు నియంత్రణ అంటే మా డిగ్రీ పిల్లలకు తెలిసింది ల్యాక్ ఆపెరాన్ ఒక్కటే. అది చెప్పాల్సిందే, కాదనను. కానీ ఈ.కోలై బ్యాక్టీరియా పాల చక్కెర జన్యువుల కథ చెప్పినంత శ్రద్ధగా గామా గ్లోబిన్ కథ చెప్పకపోతే ఎలా? గోండు, కొలాం గూడేల నుంచి వచ్చే పిల్లలు కూర్చునే క్లాసు ఇది. వాళ్ల ఇళ్లలో నడుస్తున్న స్విచ్ అది.

జూన్ చివర

ముందుగా అన్నిటికంటే శుభ్రంగా అర్థమయ్యే వేళ్లతో మొదలుపెట్టాం. అవి జిఫ్268 అనే ప్రొటీన్‌వి. ఇదే ప్రొటీన్‌కు ఈజీఆర్1 అని ఇంకో పేరు.

కథ దీనికంటే కొంచెం వెనక మొదలవుతుంది. ఆఫ్రికా కప్ప జెనోపస్ అండకణాల్లో టీఎఫ్3ఏ అనే ప్రొటీన్ ఉంది. 5ఎస్ ఆర్ఎన్ఏ జన్యువును నడిపించేది అదే. 1985లో కేంబ్రిడ్జ్‌లో ఆరన్ క్లుగ్, ఆయన సహచరులు దాని అమైనో ఆమ్లాల వరుస చూసి, సుమారు 30 ఆమ్లాల చిన్న ముక్క 9 సార్లు వరుసగా వస్తోందని పట్టుకున్నారు. ప్రతి ముక్కలోనూ రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు ఉన్నాయి. ఆ నాలుగూ కలిసి ఒక జింక్ అయాన్‌ను పట్టుకుంటాయని, ఆ ముక్క డీఎన్ఏను పట్టే వేలు అని ఊహించారు. అది నిజమని కంటికి చూపించింది పావ్లెటిచ్, పాబో 1991లో ప్రచురించిన జిఫ్268 స్ఫటిక చిత్రం. తర్వాత 1996లో అదే నిర్మాణం 1.6 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు) స్పష్టతతో వచ్చింది. ప్రొటీన్ డేటా బ్యాంకులో దాని కోడ్ 1ఏఏవై. మేం తెరిచింది దీన్నే.

అణువుల్ని తెర మీద చూపే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరవగానే డీఎన్ఏ చుట్టూ మూడు వేళ్లు వెడల్పు గాడిలో ఒదిగి కనిపిస్తాయి. ఆ అందం చూస్తూ అక్కడే ఆగిపోకుండా, మొదటి వేలిని మాత్రం ఉంచి మిగతావి దాచేయమన్నాను. అప్పుడు జింక్ దగ్గరికి వెళ్లాం.

సిస్టీన్ 107, సిస్టీన్ 112, హిస్టిడిన్ 125, హిస్టిడిన్ 129. నాలుగు వైపుల నుంచి నాలుగు చేతులు, మధ్యలో జింక్. దూరాలు కొలిస్తే గంధకం వైపు 2.3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, నత్రజని వైపు 2 దాటి కొద్దిగా వచ్చాయి. జింక్ డీఎన్ఏను తాకడం లేదని పిల్లలు తమంతట తామే గమనించారు. ఇది చాలా ముఖ్యం. పేరు చూసి జింకే డీఎన్ఏను పట్టుకుంటుందనుకునే వాళ్లు చాలామంది. జింక్ పని వేరు. ఇంత చిన్న ముక్క దానంతటదే మడత పడి నిలబడలేదు. జింక్ దాన్ని లోపలి నుంచి కట్టి ఉంచుతుంది. ఒక పక్క రెండు బీటా పోగులు, ఇంకో పక్క స్ప్రింగులా చుట్టుకున్న ఆల్ఫా హెలిక్స్, మధ్యలో జింక్.

డీఎన్ఏను చదివేది ఆ హెలిక్స్. అది కూడా మొత్తం కాదు, దాని మొదట్లో ఉన్న కొన్ని స్థానాలే. హెలిక్స్ మొదలయ్యే ముందున్న స్థానాన్ని మైనస్ 1 అంటారు. అక్కడి నుంచి 2, 3, 6 స్థానాలు ముఖ్యం. మొదటి వేలిలో మైనస్ 1 దగ్గర ఆర్జినిన్ 118 ఉంది. దాన్ని తెర మీద పెద్దది చేసి చూస్తే, ఆ ఆర్జినిన్ చివర రెండు కొమ్మలుగా చీలి గ్వానిన్ (డీఎన్ఏ అక్షరాల్లో జీ) అంచున ఉన్న నత్రజనితోనూ ఆక్సిజన్‌తోనూ రెండు హైడ్రోజన్ బంధాలు వేసి ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన ఉన్న బేస్ గ్వానిన్ ఒక్కటే. అందుకే ఆర్జినిన్‌కు గ్వానిన్ అంటే అంత గురి. పక్కన 2వ స్థానంలో ఉన్న అస్పార్టిక్ ఆమ్లం ఆ ఆర్జినిన్ అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచుతుంది. ఇది చూశాక వెనక బెంచీ కుర్రాడు, "మేడమ్, అంటే చదవడం అంటే తాకడమేనా?" అన్నాడు. అవును, ఇక్కడ చదవడమంటే అదే.

ఒక్కో వేలు సుమారు మూడు అక్షరాలు చదువుతుంది. మూడు వేళ్లకు తొమ్మిది: జీసీజీ టీజీజీ జీసీజీ. ప్రొటీన్ మాత్రం దీన్ని తిరగేసి చదువుతుంది. మొదటి వేలు ఆఖరి జీసీజీ మీద కూర్చుంటుంది, మూడో వేలు మొదటి జీసీజీ మీద. చార్టు మీద ఈ దిక్కు పెద్ద బాణంతో గీయించాను. ఇది మనసులో లేకపోతే తర్వాత చదివే ప్రతి పేపరూ గందరగోళంగానే ఉంటుంది.

జూలై, మొదటి వారం

ఇక స్క్రిప్టు పని. వేలి ఆనవాలు రాయడం తేలికే: సిస్టీన్, తర్వాత 2 నుంచి 4 ఆమ్లాలు ఏవైనా, మళ్లీ సిస్టీన్, తర్వాత సరిగ్గా 12 ఏవైనా, హిస్టిడిన్, 3 నుంచి 5 ఏవైనా, మళ్లీ హిస్టిడిన్. పైథాన్‌లో ఒక వరుస చాలు. ప్రొటీన్ వరుసల డేటాబేస్ యూనిప్రాట్ నుంచి మనిషి ఈజీఆర్1 వరుస తెచ్చి నడిపితే మూడు వేళ్లు వచ్చాయి, ఉండాల్సినన్నీ.

తర్వాత బీసీఎల్11ఏ. 835 ఆమ్లాల పొడవైన రూపం తీసుకున్నాం. ఆరు వేళ్లు వచ్చాయి. ఒకటి మొదట్లో ఒంటరిగా, రెండు మధ్యలో జంటగా, మూడు చివర్లో వరుసగా. ఇవి కాక ప్రొటీన్ మొట్టమొదట ఇంకో జింక్ ముడి ఉంది. అందులో రెండు హిస్టిడిన్ల బదులు ఒక హిస్టిడిన్, ఒక సిస్టీన్ ఉంటాయి కాబట్టి మా ఆనవాలుకు చిక్కదు. ఒక ఆనవాలుతో వెతికితే ఆ ఆనవాలు ఉన్నవే దొరుకుతాయి. పిల్లలు ఇది స్క్రిప్టు నడిపి తెలుసుకోవడం నాకు చాలా నచ్చింది.

మనిషిలో ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే జన్యువుల్ని నడిపే లేదా ఆపే ప్రొటీన్లు, సుమారు 1,600 ఉన్నాయి. వాటిలో 700కు పైగా ఈ రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్ల వేళ్లున్నవే. అంటే దాదాపు సగం. మన జన్యువుల్ని ఆడించే ప్రొటీన్లలో ఇంత పెద్ద కుటుంబం ఇంకోటి లేదు.

గామా ప్రమోటర్‌ను పట్టేవి చివరి మూడు వేళ్లు: నాలుగు, ఐదు, ఆరు. వాటి హెలిక్స్‌ల మైనస్ 1, 2, 3, 6 స్థానాల్లో ఏముందో జిఫ్268 పక్కన పెట్టి పట్టిక వేశాం. జిఫ్‌లో మూడు వేళ్లకూ మైనస్ 1 దగ్గర ఆర్జినినే. బీసీఎల్11ఏ నాలుగో వేలిలో అక్కడ ఆస్పరాజిన్, ఐదో దానిలో గ్లుటామిన్, ఆరో దానిలో వాలిన్. జిఫ్ చూసి నేర్చుకున్న సూత్రం ఇక్కడ నేరుగా పనికిరాదు. బీసీఎల్11ఏ వేళ్లు డీఎన్ఏతో కలిసి ఉన్న స్ఫటిక చిత్రం 2019లో వచ్చింది. దాని ప్రకారం ఇక్కడ ముఖ్యమైనవి నాలుగో వేలిలోని ఆస్పరాజిన్ 756, ఐదో వేలిలోని లైసిన్ 784. మా పట్టికలో చూస్తే రెండూ హెలిక్స్ 3వ స్థానంలోనే ఉన్నాయి. రెంటి మధ్య దూరం 28 ఆమ్లాలు, అంటే ఒక వేలు పొడవు. పట్టిక వేసిన అబ్బాయి దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి తెచ్చి చూపించాడు.

జూలై, వానలు మొదలయ్యాక

కరెంటు వస్తూ పోతూ ఉంది. అయినా ప్రాజెక్టులో అసలు ఘట్టం ఇదే కాబట్టి వివరంగా రాస్తాను.

బీసీఎల్11ఏకు ఇష్టమైన వరుస టీజీఏసీసీఏ అని ఆర్కిన్ బృందం 2018లో తేల్చింది. గామా ప్రమోటర్ వరుస తెచ్చుకుని వెతికాం. జన్యువు చదవడం మొదలయ్యే చోటు నుంచి వెనక్కి లెక్కపెడితే మైనస్ 118 నుంచి మైనస్ 113 వరకు ఒకటి దొరికింది. అక్కడి నుంచి 27 అక్షరాల అవతల, మైనస్ 91 నుంచి మైనస్ 86 వరకు అచ్చం అదే వరుస ఇంకోటి. చుట్టూ ఉన్న అక్షరాలు కూడా చాలావరకు ఒకటే.

బీటా ప్రమోటర్‌లోనూ వెతికాం. అక్కడ టీజీఏసీసీఏ లేదు. దానికి బదులు టీజీజీసీసీఏ ఉంది. ఒక్క అక్షరం తేడా!

ఇక్కడ పిల్లలకు లెక్క చేయమని చెప్పాను. ఆరు అక్షరాల మాట కాకతాళీయంగా 4,096 అక్షరాలకు ఒకసారి వస్తుంది. డీఎన్ఏకు రెండు పోగులు కాబట్టి 2,048కి ఒకసారి అనుకోవచ్చు. మనిషి జీనోమ్ 310 కోట్ల అక్షరాలు. అంటే ఈ మాట సుమారు 15 లక్షల చోట్ల కనిపించాలి. బీసీఎల్11ఏ వాటన్నిటి మీదా కూర్చోదు. జిఫ్268 చదివే తొమ్మిది అక్షరాల మాటైనా దాదాపు 24 వేల చోట్ల వస్తుంది. ఇంటి నంబరు 12 అని ఒక్కటే రాస్తే ఉత్తరం చేరదు, ప్రతి వీధిలోనూ 12 ఉంటుంది.

అంతకంటే చిక్కు ప్రశ్న ఇంకోటి. ఒకే ప్రమోటర్‌లో రెండు టీజీఏసీసీఏలు ఉన్నాయి కదా, బీసీఎల్11ఏ రెంటి మీదా కూర్చుంటుందా? కూర్చోదు. కణాల్లో చూస్తే అది ప్రధానంగా దూరంగా ఉన్నదాని మీదే, అంటే మైనస్ 115 చోటులోనే కనిపిస్తుంది. అక్షరాలు ఒకటే, చోటు వేరు. ఆ తేడా మా స్క్రిప్టుకు కనబడదు.

జవాబు కోసం చదివితే పొరుగున ఉన్న ఇంకో ప్రొటీన్ సంగతి తెలిసింది, అది ఎన్ఎఫ్-వై. దానికి కావాల్సిన మాట సీసీఏఏటీ. మా వరుస మీద గుర్తు పెట్టి చూస్తే టీజీఏసీసీఏ చివరి మూడు అక్షరాలే సీసీఏఏటీ మొదటి మూడు. రెండు మాటలూ ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి, రెండు చోట్లా! ఎన్ఎఫ్-వై గామా జన్యువును నడిపించే ప్రొటీన్. అది దగ్గరి సీసీఏఏటీ మీద, మైనస్ 88 చోట కూర్చుంటే గామా నడుస్తుంది. బీసీఎల్11ఏ దూరపు చోట కూర్చుని ఎన్ఎఫ్-వైకి అడ్డం పడుతుంది. ఆర్కిన్ బృందమే 2021లో ఇది చూపించింది. ఇద్దరికీ మధ్య పోటీ. బీసీఎల్11ఏ ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ల ఎర్రకణాల్లో అది గెలుస్తుంది, గామా ఆగిపోతుంది.

అందుకే నా ఉద్దేశంలో ఈ ప్రాజెక్టు సారం పట్టికలో లేదు, ఈ పోటీలో ఉంది. జింక్ వేలు ఏ అక్షరాలు చదువుతుందో తెలిస్తే సగం తెలిసినట్టు. దాని పక్కన ఎవరున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, ఆ కణంలో ఎవరి మోతాదు ఎంత అన్నది మిగతా సగం.

తర్వాత మ్యుటేషన్లు. కొందరికి పెద్దయ్యాక కూడా ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువగానే ఉంటుంది. వాళ్ల ఆరోగ్యానికి ఇబ్బంది ఏమీ ఉండదు. ఆ కుటుంబాల్లో ముందే నమోదైన మార్పుల్ని మా వరుస మీద ఒక్కొక్కటే పెట్టాం. గ్రీకు కుటుంబాల్లో దొరికిన మైనస్ 117 మార్పులో జీ పోయి ఏ వస్తుంది. మాట టీఏఏసీసీఏ అవుతుంది, బీసీఎల్11ఏ పట్టు జారుతుంది. మైనస్ 115, మైనస్ 114 చోట్ల సీ మారినా అంతే. ఈ మార్పుల్ని బోర్డు మీద రాస్తుంటే ఆరు అక్షరాల్లో వరుసగా ఒకదాని తర్వాత ఒకటి ఎరుపెక్కాయి.

మైనస్ 113 మార్పు మాత్రం వేరే దారి. అక్కడ ఏ పోయి జీ వస్తే సీసీఏఏటీఏజీ కాస్తా సీసీజీఏటీఏజీ అవుతుంది. ఆసిఫాబాద్ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి మధ్యలో నాలుగు అక్షరాల కింద గీత గీసింది: జీఏటీఏ. అంటే గాటా! గాటా1 అనే ఇంకో జింక్ ఫింగర్ ప్రొటీన్ వెతుక్కునే మాట అదే. అది జన్యువును నడిపిస్తుంది. ఒక్క అక్షరం మారి, ఒక జింక్ వేలు ఆపే చోట ఇంకో జింక్ వేలికి కూర్చునే చోటు పుట్టింది. క్లాసులో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లను ఆపలేదు.

ఆగస్టు, నమూనా పని

నమూనా జిఫ్268దే కడుతున్నాం. దాని కొలతలన్నీ మేం ఫైలులో స్వయంగా చూశాం. కొలబద్ద తేలిక: ఒక ఆంగ్‌స్ట్రామ్‌కు ఒక సెంటీమీటరు. అలా అయితే డీఎన్ఏ 20 సెంటీమీటర్ల లావు, మెట్టుకూ మెట్టుకూ మధ్య 3.4 సెంటీమీటర్లు. పదకొండు మెట్లు పెడితే మేజ్ బల్ల మీద సరిపోతుంది.

మెట్లకు వెదురు బద్దలు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బద్దను వంచకుండా సరిగ్గా మధ్యలో ఇనుప కడ్డీకి గుచ్చితే రెండు గాడులూ సమాన వెడల్పుతో వస్తాయి. బజారులో దొరికే డీఎన్ఏ బొమ్మలు చాలావరకు ఇలాగే ఉంటాయి. నిజం డీఎన్ఏలో ఒక గాడి వెడల్పు, ఒకటి ఇరుకు. అలా రావాలంటే ప్రతి బద్ద రెండు చివరలూ ఒకే వైపుకు కొద్దిగా వంగి ఉండాలి. నానబెట్టి వంచి ఆరబెట్టాం. ఈ వంపు లేకపోతే హెలిక్స్ గాడిలో దూరదు, నమూనా చేయడంలో అర్థమే ఉండదు.

ఆల్ఫా హెలిక్స్‌కు బైండింగ్ వైరు వద్దనుకున్నాం, మరీ మెత్తన. కొంచెం మందం ఉన్న అల్యూమినియం తీగను ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు మీద కుడిచేతి మెలికలో చుట్టాం. చుట్టుకూ చుట్టుకూ మధ్య 5.4 సెంటీమీటర్లు, చుట్టుకు 3.6 ఆమ్లాలు. తీగ మీద 1.5 సెంటీమీటర్ల ఎత్తుకొక టేపు ముక్క అంటించి ఆమ్లం పేరు రాశాం. అలా రాశాక మైనస్ 1, 2, 3, 6 ఎందుకు ముఖ్యమో పిల్లలకు వేళ్లతో తెలిసింది. తీగను గాడిలో పెడితే డీఎన్ఏ వైపు తిరిగేవి అవే. మిగతావి బయటికో, జింక్ వైపో చూస్తుంటాయి.

జింక్‌కు గోలీ తీసుకున్నాం. గోలీకి రంధ్రం పడదు కాబట్టి సన్న రాగి తీగతో నాలుగు దిక్కులకు ముడి వేసి, రెండు పసుపు రంగువి సిస్టీన్లకు, రెండు నీలం రంగువి హిస్టిడిన్లకు కట్టాం. వేలికీ వేలికీ మధ్య ఐదు ఆమ్లాల లంకె ఉంటుంది: థ్రియోనిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం (జిఫ్268 మొదటి లంకెలో దీని బదులు గ్లుటామిన్), లైసిన్, ప్రోలిన్. చాలా జింక్ ఫింగర్ ప్రొటీన్లలో ఇదే వరుస కనిపిస్తుంది. దీనికి సైకిల్ వాల్వ్ ట్యూబు వాడాం. డీఎన్ఏ మీద లేనప్పుడు వేళ్లు వదులుగా ఊగాలి, పట్టుకున్నాక బిగియాలి. ట్యూబు ఆ రెండు పనులూ చేస్తోంది.

ఒక వేలి నుంచి ఇంకో వేలికి డీఎన్ఏ చుట్టూ సుమారు వంద డిగ్రీలు తిరగాలి, పది సెంటీమీటర్లు పైకి జరగాలి. మూడో వేలు పెట్టేసరికి దాదాపు చుట్టంతా తిరిగొచ్చింది. ఆర్జినిన్లకు, గ్వానిన్లకు మధ్య ఎర్రదారం కట్టడం మిగిలింది.

ఆగస్టు చివర

ఎర్రదారాలు అయిపోయాయి. నమూనా ల్యాబ్ బల్ల మీద ఉంది.

పిల్లలు ఇప్పుడు చికిత్స గురించి అడుగుతున్నారు, అడగాలి కూడా. ముందు బ్రిటన్, తర్వాత అమెరికా 2023 చివర్లో కాస్‌జెవీ అనే చికిత్సకు అనుమతి ఇచ్చాయి. అది రోగి మూలకణాల్ని బయటికి తీసి, క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో బీసీఎల్11ఏ జన్యువులోని ఒక ఎన్‌హాన్సర్ ముక్కను, అంటే ఆ జన్యువు పనిని పెంచే ముక్కను, కత్తిరించి, తిరిగి ఎక్కిస్తుంది. మొత్తం జన్యువును తీసేయరు. ఎందుకంటే బీసీఎల్11ఏ తెల్లకణాల్లో బి కణాలకు, మెదడుకు కూడా కావాలి. ఆ ఎన్‌హాన్సర్ ఎర్రకణాల వంశంలోనే పనిచేస్తుంది. అక్కడ కూర్చునేది మళ్లీ గాటా1. అదే ముక్కను జింక్ వేళ్లతోనే తయారు చేసిన కత్తెరలతో, అంటే జింక్ ఫింగర్ న్యూక్లియేజ్‌లతో కత్తిరించే చికిత్స కూడా మనుషుల్లో పరీక్షకు వెళ్లింది. ఇలాంటి కత్తెరకు వేళ్లు ఎందుకు పెంచుతారో మా లెక్కే చెబుతుంది. ఆరు వేళ్లు పెడితే 18 అక్షరాలు. అంత పొడవు మాట కాకతాళీయంగా జీనోమ్‌లో రెండోసారి రావడం చాలా అరుదు.

2023లో అనుమతి వచ్చినప్పుడు కాస్‌జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. ఆ అంకె చెప్పాక క్లాసు కాసేపు మాట్లాడలేదు. అందుకే వెంటనే హైడ్రాక్సీయూరియా గురించి చెప్పాను. అది తక్కువ ఖర్చు మాత్ర. చాలామందిలో అది కూడా ఫీటల్ హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది, నొప్పి దాడుల్ని తగ్గిస్తుంది. డాక్టరు పర్యవేక్షణలో, రక్త పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాలు కూడా ఉన్నాయి. 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేసి కార్డు ఇస్తారు. పెళ్లి మాటలకు ముందే ఇద్దరి కార్డులూ చూసుకోవడం ఎందుకు ముఖ్యమో ఈ పిల్లలు ఊళ్లో చెప్పగలరు. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే వ్యాధి లేకుండా ఆ లోపమున్న జన్యువును ఒక్కొక్కటి మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఆసిఫాబాద్ అమ్మాయి తమ్ముడికి పరీక్షలు నడుస్తున్నాయి, మందు మొదలైంది. "వాడికి గామా ఎంత ఉందో రిపోర్టులో ఉంటుందా మేడమ్?" అని అడిగింది. ఉంటుంది. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష రిపోర్టులో హెచ్‌బీఎఫ్, అంటే ఫీటల్ హిమోగ్లోబిన్, అని ఒక వరుస ఉంటుంది, అది చూడమన్నాను.

ఇక సెప్టెంబరు పని రెండో నమూనా. గామా ప్రమోటర్‌లో మైనస్ 120 నుంచి మైనస్ 80 వరకు కడతాం. కొలబద్ద సగం చేస్తే 70 సెంటీమీటర్ల ఎత్తులో ఇమిడిపోతుంది. రెండు టీజీఏసీసీఏలు, రెండు సీసీఏఏటీలు వేరే రంగుల్లో ఉంటాయి. బీసీఎల్11ఏ, ఎన్ఎఫ్-వై రెండూ తీసి పెట్టేలా కొక్కేలతో చేస్తాం. గాటా1కు విడిగా ఒక వేలు చేయాలి. దాని జింక్‌ను పట్టేవి నాలుగూ సిస్టీన్లే కాబట్టి ఈసారి పసుపు తీగ ఎక్కువ తేవాలి.